విమానమునకు ఒక గంట - మిగిలిన దారికి ఎంత?

మొన్నటి సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము ప్రతిపాదింపబడినది. మన అడవి సరిహద్దు ప్రాంతమునకు చేరువలో విమానాశ్రయ మొకటి నెలకొల్పవలెనని ప్రభుత్వమును కోరుట దాని సారాంశము. ప్రతిపాదించిన యువకుడు చదువుకొన్నవాడు, మంచి మామిడితోట గలవాడు. అతని వాదము చిన్నది, వినుటకు సొంపైనది. "గన్నవరము నుండి శంషాబాదునకు విమానము గంటలో పోవుచున్నది. మనము బస్సులో ఆరు గంటలు కూర్చుండుచున్నాము. ఈ అయిదు గంటలును మనకు నష్టమే కదా! మన కాయయు అట్లే లారీలో మ్రగ్గిపోవుచున్నది" అని అతడు చెప్పగా సభ్యులు చప్పట్లు చరచిరి. అధ్యక్షులవారు మాత్రము విషయమును వచ్చు సమావేశమునకు వాయిదావేసి, మా వంక చూచి, "మీకు తోచినది పత్రికలో వ్రాయుడు" అని సెలవిచ్చిరి. కావున వ్రాయుచున్నాము.

మా అభిప్రాయమును దాచక ముందుగనే చెప్పెదము. ఈ తీర్మానము మన సంఘము చేయదగినది కాదు. ఆ యువకుడు చెప్పిన గంట అబద్ధము కాదు. కాని అది విమానపు గంట. రైతు గంట కాదు. ఈ రెంటికిని గల భేదమును సభ్యులు తమంతట తాము కొలిచి చూచుకొనవలెనని మా కోరిక.

సమావేశమైన మరునాడు మేము సంఘ కార్యాలయపు బల్లమీద పటమును పరచి, దారమును స్కేలును పట్టుకొని కూర్చుంటిమి. సత్తుపల్లి నుండి గన్నవరపు విమానాశ్రయము ఇంచుమించు తిన్నగా దక్షిణమునకు ఉన్నది. దారపు కొలతకు సుమారు 80 కిలోమీటర్లు. రాజమహేంద్రవరము వారి మధురపూడి విమానాశ్రయము తూర్పున సుమారు 100 కిలోమీటర్లు. శంషాబాదు పడమట సుమారు 260 కిలోమీటర్లు. ఇందులో ఒక వింత కలదు. సత్తుపల్లియు శంషాబాదును ఇంచుమించు ఒకే అక్షాంశ రేఖపై, 17 డిగ్రీల పావు దగ్గర, ఉన్నవి. అనగా మన ఊరినుండి సూర్యుడు క్రుంకు దిక్కునకు దారము లాగినచో శంషాబాదు తగులును. ఇక గన్నవరము నుండి శంషాబాదునకు దారము పరచితిమి. సుమారు 265 కిలోమీటర్లు వచ్చినది.

సభ్యులు ఇచ్చట కొంచెము నిలిచి యోచింపవలెను. పడమటికి 260 కిలోమీటర్లు పోవలసినవాడు, మొదట దక్షిణమునకు 80 కిలోమీటర్లు దిగి, అక్కడినుండి మరల 265 కిలోమీటర్లు పోవుచున్నాడు. దక్షిణమునకు దిగినందువలన దారిలో ఒక్క కిలోమీటరైనను కలసిరాలేదు. పైగా ఆ 80 కిలోమీటర్లును దారపు కొలతయే. విస్సన్నపేట, నూజివీడు, హనుమాన్ జంక్షను మీదుగా చక్రము దొరలు దారి అంతకంటె ఎక్కువ.

మేమీ మాటను పటము చూచి మాత్రమే చెప్పుట లేదు. రెండేండ్ల క్రిందట మేమును మా తోటి ఉద్యోగి యొకరును హైదరాబాదులో ఒక శిక్షణ సభకు పోవలసివచ్చినది. ఆయన రాత్రి పదకొండు గంటలకు సత్తుపల్లిలో బస్సెక్కెను. మేము విమానమున పోవుచున్నామని ఆయనతో కొంత గర్వముగనే చెప్పి, ఇంట పండుకొంటిమి. తెల్లవారుజామున 4 గంటల 15 నిమిషములకు కారులో బయలుదేరితిమి. గన్నవరము చేరుసరికి 6 గంటల 30 నిమిషములు. విమానము 8 గంటల 10 నిమిషములకు. సామాను తూచి ఇచ్చుటకు గంట ముందే చేరవలెనను నియమమున్నది, త్రోవలో చక్రము పగిలిన ఏమి గతియను భయమునున్నది. కావున ఎవరైనను అంత ముందుగనే పోవుదురు. చక్రములు నేలను విడిచినప్పుడు గడియారము చూచితిమి, 8 గంటల 24 నిమిషములు. శంషాబాదులో మరల నేలను తాకినప్పుడు చూచితిమి, 9 గంటల 5 నిమిషములు. పిమ్మట విమానము నిలుచుట, తలుపు తెరచుట, సామానుకై కాచుకొనుట, నగరములోనికి మరియొక బండి యెక్కుట. సభాస్థలము చేరునప్పటికి 10 గంటల 50 నిమిషములైనది. మా మిత్రుడు తెల్లవారకముందే బస్సు దిగి, స్నానముచేసి, ఇడ్డెనలు తిని, ముందు వరుసలో కూర్చుండియుండెను. మా ప్రయాణము 6 గంటల 35 నిమిషములు. ఆయనది ఆరు గంటలు, అందును సగము నిద్ర. టికెట్టు వెల సంగతి ఆయన అడుగలేదు, మేమును చెప్పలేదు.

టికెట్టుమీద ముద్రించిన కాలము గంటయు అయిదు నిమిషములు. ఆకాశమున నిజముగా ఉన్నది 41 నిమిషములు. తక్కిన కాలమెక్కడికి పోయినది? విమాన కంపెనీలు వేయు కాలము, విమానము తాను నిలిచియున్న చోటు కదలినది మొదలు, అవతల నిలుచు చోట ఆగువరకును. నేలమీద ప్రాకుట, వరుసలో కాచుకొనుట, అన్నియు అందులోనివే. ఇట్టి చిన్న దారులలో తిరుగు ఏటీఆర్ 72 అను పంకాల విమానము గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కను 265 కిలోమీటర్లకు 32 నిమిషములు చాలును. కాని అది పైకెక్కునప్పుడును, క్రిందికి దిగునప్పుడును అంత వేగముతో పోదు. ఇంతకు రెండింతలకు చేరువ వేగము గల జెట్టు విమానమును వేసినను, ఆ వేగమును అందుకొని కొంచెము సేపు పోవునంతలోనే దిగుటకు సిద్ధము కావలసివచ్చును.

గాలి సంగతి మరియొకటి. ధాన్యము తూర్పారబట్టునప్పుడు మనము గాలి దిక్కు చూచుకొని నిలుచుందుము. విమానమును అంతే. ఎక్కునప్పుడును దిగునప్పుడును గాలికి ఎదురుగా పోవలెను. గన్నవరములోను శంషాబాదులోను రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నవి. పడమటి గాలి వీచునప్పుడు గన్నవరమున లేచిన విమానము ముక్కును అంతగా తిప్పకయే శంషాబాదు దిక్కున సాగి, అక్కడ తిన్నగా దిగును. తూర్పు గాలి వీచినచో తూర్పునకు లేచి, వెనుకకు మరలి, శంషాబాదును దాటి పడమటికి పోయి, మరల తూర్పునకు తిరిగి దిగవలెను. పటముమీద దారము ఒక్కటే. ఆకాశమున దారి మాత్రము గాలినిబట్టి పెరుగుచు తరుగుచుండును.

ఇంతకును మేము విమానమును నిందించుట లేదు. అరక కట్టి విప్పుటకు పట్టు కాలము, కుంట దున్నినను ఎకరము దున్నినను ఒక్కటే. కుంట నేలకై అరక కట్టువాడు తెలివైన సేద్యగాడు కాడు, అంతే. గన్నవరమునకు పోవుట, కాచుకొనుట, దిగిన పిమ్మట బయటపడుట, ఇవన్నియు అరక కట్టి విప్పుట వంటివి. శంషాబాదునకు పోయినను ఢిల్లీకి పోయినను అవి తగ్గవు. కాని ఢిల్లీ గన్నవరమునకు సుమారు 1,400 కిలోమీటర్ల దూరము. విమానము సుమారు రెండున్నర గంటలలో పోవును. రైలునకు ఒక పగలును ఒక రాత్రియు పట్టును. అక్కడ విమానము నిజముగా ఒక దినమును మిగుల్చుచున్నది. మన పిల్లలు దూరదేశములకు పోవునప్పుడును, రోగికి దూరపు నగరపు వైద్యము కావలసినప్పుడును గన్నవరము మన కెంతయో ఉపకారి. దారపు కొలతకు సుమారు నూరు కిలోమీటర్ల మేరలో రెండు విమానాశ్రయములు గల అడవి సరిహద్దు ఊళ్లు ఎన్ని ఉన్నవి?

దూరము మరింత తగ్గినచో ఏమగునో చూతము. గన్నవరము నుండి మధురపూడికి దారపు కొలత సుమారు 125 కిలోమీటర్లు. గాలిలో పావుగంట దారి. కాని చెన్నై కలకత్తా రహదారిమీద పోవు కారును ఓడించుటకు ఏ విమానమును చాలదు. నేరు విమానము లేనప్పుడు శంషాబాదు మీదుగా పోవుదునని ఎవడైన పట్టుబట్టినచో, 265 కిలోమీటర్లు పడమటికి పోయి, 360 కిలోమీటర్లు తూర్పునకు మరలివచ్చి, 125 కిలోమీటర్ల దూరమును దాటినవాడగును.

ప్రభుత్వమువారికిని ఈ సంగతి తెలియును. 2017వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన చిన్న పట్టణములను విమానములతో కలుపు ఉడాన్ పథకపు తొలి విమానములు కదలినవి. సిమ్లా ఢిల్లీ దారి, మన కడప హైదరాబాదు దారి, నాందేడు హైదరాబాదు దారి ఆనాటివే. ఆ పథకమున 2,500 రూపాయల హద్దు పెట్టిన టికెట్టు, గంట ప్రయాణమునకు, అనగా సుమారు 500 కిలోమీటర్ల దూరమునకు. విమానపు గంట యొక్క సహజమైన కొలత అది. 265 కిలోమీటర్లకు గంట వెచ్చించుట దానిలో సగము పంట.

ఇచ్చట ఒక పాత ముచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. మన దేశమున జాబులు మొదటిసారి విమానమెక్కినది 1911వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన, అలహాబాదులో. అక్కడ జరుగుచుండిన వ్యవసాయ పారిశ్రామిక ప్రదర్శనమునకు విమానములు తెచ్చియుండిరి. అక్కడి క్రైస్తవ దేవాలయపు గురువు ఒకరు విద్యార్థుల వసతిగృహమునకు ధనము కూర్చుటకై ఈ ఉపాయము పన్నగా, హెన్రీ పికే అను ఫ్రెంచివాడు సుమారు 6,500 జాబులతో యమునను దాటి, సుమారు 10 కిలోమీటర్లలో ఉన్న నైనిలో 13 నిమిషములకు దిగెను. ఆ నైనిలోనే అంతకు ముందటి యేడు సాం హిగిన్‌బాటమ్ అను మిషనరీ దొర వ్యవసాయ విద్యాలయమును స్థాపించియుండెను. మిషను బడిలో చదివిన మాకు ఆ పేరు చిన్ననాటినుండియు పరిచయము. ఆ 13 నిమిషములు లోకచరిత్రలో నిలిచినవి. కాని నైనిలో దిగిన పిమ్మట ఆ జాబులన్నియు మరల మామూలు తపాలా దారినే పోవలసివచ్చినవి. అందుకొన్నవాడు జాబు విమానమెక్కినదని సంతోషించెనే గాని, త్వరగా వచ్చినదని కాదు.

ఇక అసలు సంగతియగు మామిడికాయకు వత్తము. మన యువ సభ్యుని బాధ దానిని గూర్చియే, అది నిజమైన బాధ. అయితే గన్నవరమునుండి శంషాబాదునకు పోవు ఏటీఆర్ విమానము, మనుష్యులు, వారి పెట్టెలు, సరకు, అన్నియు కలిపి మోయగలది సుమారు 7 టన్నులు. డెబ్బది మంది ఎక్కిన పిమ్మట సరకునకు మిగులు చోటు టన్నుకు మించదు. కాచిన తోట ఎకరమునకు మూడు నాలుగు టన్నుల కాయ నిచ్చును. ఒక్క ఎకరము కాయకు ఒక్క విమానము చాలనప్పుడు, సంఘ సభ్యుల తోటలకు ఎన్ని కావలెను? నున్న మార్కెట్టునకు పోవు ఒక్క లారీ పది టన్నులు మోయుచున్నది. విదేశములకు విమానముమీద పోవు మామిడి లేకపోలేదు. అది ఏరి, కడిగి, శుద్ధిచేసి, అట్టపెట్టెలలో పేర్చిన కాయ. దానికి రన్‌వే ఎంత దూరమను ప్రశ్న చివర వచ్చును. మొదటి ప్రశ్న, కాయ తొడిమ తెగిన గడియ నుండి చల్లని గది చేరు గడియ వరకును ఎంతసేపైనది?

ఈ లెక్క మనలో ఎవరును వ్రాయుట లేదు. మే నెలలో పగలు పదకొండు గంటలకు కాయ కోయుదుము. తొడిమ మొదటికి విరిచినందున జిగురు కారి తొక్క మాడును. కాయను చెట్టుక్రింద కుప్పపోసి లారీకై చూతుము. లారీ సాయంకాలము వచ్చును, కొన్నాళ్లు రాదు. ఎక్కించిన కాయ టార్పాలిను క్రింద రాత్రియంతయు ఉడుకును. మార్కెట్టులో తెల్లవారి వేలము. చెట్టు దగ్గరనే ఎనిమిది, పది గంటలు పోగొట్టుకొనువాడు ఆకాశమున నాలుగు గంటలు మిగుల్చుకొందునన్న ఏమి చెప్పగలము? ఉదయపు చల్లదనములో, తొడిమ రెండు మూడు అంగుళములు ఉంచి కోసి, నీడలో బోర్లించి జిగురు కార్చి, కడిగి, ఆ దినముననే 12, 13 డిగ్రీల చల్లని గదిలో పెట్టిన బంగినపల్లి కాయ లారీమీదనే ఎంత దూరమైనను పోగలదు. పామాయిలు గెలల సంగతి సభ్యులకు తెలిసినదే. కోసిన 24 గంటలలోగా గెల మిల్లు చేరవలెను, లేనిచో నూనెలో ఆమ్లము పెరుగును. అశ్వారావుపేట, అప్పారావుపేట మిల్లులు మనకు దగ్గరనుండుటచేత ఆ పంటయందు కాలపు లెక్కను నేర్చుకొన్నాము. మామిడియందు ఇంకను నేర్వలేదు.

కొత్తగూడెము పరిసరములందు విమానాశ్రయము కావలెనను మాట చాల కాలముగా వినబడుచున్నది కదా, అది వచ్చిన మనకు దగ్గర కాదా యని కొందరు మమ్ము అడిగిరి. దగ్గరయే. దారపు కొలతకు సత్తుపల్లినుండి కొత్తగూడెము సుమారు 40 కిలోమీటర్లు. మా ప్రయాణపు లెక్కలో ఉదయపు కారు దారి గంట తగ్గును. 6 గంటల 35 నిమిషములు 5 గంటల 35 నిమిషములగును. రాత్రి బస్సుకంటె ఇంచుమించు అరగంట లాభము. ఈ అరగంటకై నేల ఎంత కావలెనో కూడ చూడవలెను. వరంగల్లు మామునూరున నిజాము కాలపు విమానాశ్రయము కలదు. దానిని తిరిగి తెరచుటకు 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము అనుమతించినది. అక్కడ ఉన్న 696 ఎకరములు చాలక మరి 253 ఎకరములు కావలసివచ్చినది. రన్‌వేకు సమమైన నేల కావలెను, కొండ గుట్టలు అడ్డము ఉండరాదు. అట్టి నేల మన వైపున ఎవరిది? అడవిది కాదు, గుట్టది కాదు. వరి పండు నేల అది. భూమి కొను దళారి విమానాశ్రయపు మాట వినగానే రైతుకంటె ముందు పరుగెత్తి వచ్చును. ఆశతో అప్పుచేసి గట్టు ప్రక్క చెక్క కొని చిక్కుపడిన రైతులను మేమెరుగుదుము.

ఇంతకంటె మన చేతికందు దూరమొకటి కలదు. ఖమ్మమునుండి సత్తుపల్లి ప్రాంతము మీదుగా దేవరపల్లికి 162 కిలోమీటర్ల కొత్త జాతీయ రహదారి చేపట్టబడినది. మన పొలములనే చీల్చుకొని పోవు దారి అది. గోదావరి జిల్లాలను, మధురపూడిని మనకు దగ్గర చేయును. అయితే ఇట్టి రహదారిని ఎక్కుటకును దిగుటకును కొన్ని చోట్ల మాత్రమే ద్వారములుండును. ద్వారమునకు దూరమైన పల్లె రైతునకు, ఇంటిమీదుగా పోవు విమానమెంతయో ఈ దారియు అంతే. చప్పుడు వినును, ఎక్కలేడు. తోటనుండి ద్వారమువరకు ప్రక్క దారి ఉన్నదా, వానకాలమున ఆ దారిలో ట్రాక్టరు దిగబడకుండ పోవునా, అని అడుగుట మన హక్కు.

కావున ఆ యువ సభ్యుని తీర్మానమును త్రోసివేయక, మార్చి ప్రతిపాదింపవలెనని మా మనవి. విమానాశ్రయము అను మాట తీసివేసి, సంఘపు గిడ్డంగి ప్రక్కన కాయ ఏరుటకు నీడగల చావడియు, ఒక చల్లని గదియు, కొత్త రహదారి ద్వారములవరకు ప్రక్క దారులును కోరవలెను. బుగ్గపాడున ఆహార పరిశ్రమలకు కేటాయించిన స్థలము మన ముంగిటనే ఉన్నది. అక్కడ రైతు సంఘములకు చల్లని గది చోటు ఇత్తురా యని వ్రాతమూలముగా అడుగవలెను. చల్లని గదికి కరెంటు ఖర్చు ఎవరు భరింపవలెను, సంవత్సరమునకు రెండు నెలలే కాయ ఉన్నచో తక్కిన పది నెలలు దానిలో ఏమి దాచవలెను, అను ప్రశ్నలు కష్టమైనవి. వానికి మాకడ పూర్తి సమాధానము లేదు. మిరప దాచవచ్చునని కొందరందురు; మిరపకు కావలసిన చలువ వేరు. సమావేశమున ఈ చర్చ జరుగవలెను.

ఆ యువకుని మేము మొన్న తోటలో కలిసికొని ఈ లెక్కలన్నియు చెప్పితిమి. అతడు ఒప్పుకొనలేదు. "మీరు చెప్పునది నేటి లెక్క, నేను చెప్పునది రేపటి లెక్క" అనెను. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. విమానములు పెరుగవచ్చును, సరకు విమానములు రావచ్చును. అయినను ఈ మామిడి కాలమున తన తోటలో కోసిన వేళ, ఎక్కించిన వేళ, దింపిన వేళ, చెడిన కాయల తూకము పుస్తకమున వ్రాసెదనని అతడు ఒప్పుకొనెను. అట్లు వ్రాయదలచిన సభ్యులకు సంఘ కార్యాలయమున గీతలు గీచిన పుస్తకములు ఉచితముగా ఇచ్చెదరు. పటమును దారమును బల్లమీదనే ఉంచితిమి. స్కేలును మాత్రము ఎవరో తీసికొనిపోయినారు. దయచేసి తెచ్చి ఇయ్యవలెను.